బండకేసి కొట్టినా పోని ఇంకు

"మీటరు తిరుగుతాందా మే?" అని అడిగాడు మా ఆయన.

"లేదప్పా, అన్నీ ఆపినా. పండుకో" అన్నాను.

అంతే. మధ్యాహ్నం అన్నాల వేళ దాటింది, కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది, అది ఆయన మోకాళ్ళ మీదికి ఎక్కేలోపల ఊపిరి ఆగిపోయింది. అన్నేళ్ళు ఒక అచ్చు పలక చెరో పక్క పట్టుకొని బతికిన మనుషులం, కడాకు మాట్లాడుకున్నది కరెంటు మీటరు సంగతి. సమాధి కాడ పాస్టరమ్మ నా చేయి పట్టుకొని, పోయేముందు దేవుని మాట ఏమన్నా చెప్పినాడా అని అడిగింది. మీటరు అడిగి పోయినాడమ్మా అని చెప్పాను. ఆమె ఏమనుకుందో గానీ నాకైతే సిగ్గు కాలేదు. ఆ మనిషి బతికినంత కాలం భయపడింది రెండింటికే, ఒకటి దేవుడు, ఇంకొకటి గోడ మీద తిరిగే ఆ మీటరు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా మరిది కూతురు రూతు వల్ల. పులివెందులలో టీచరు. మొన్న ఆదివారం ప్రొద్దుటూరుకు వచ్చి, పెద్దమ్మా ఇల్లంతా బూజు పట్టిందని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని బీరువా జరిపింది. దాని వెనక నుంచి పాత ఫ్రేము ఒకటి బయటికి వచ్చింది. నాలుగు చెక్కలు, వాటికి బిగించిన సన్నని జల్లెడ గుడ్డ. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుంటే గుడ్డలో ఒక మనిషి ముఖం కనిపించింది. మీసాలు, తలపాగా, నవ్వీనవ్వని నోరు. "ఈయప్ప ఎవురు పెద్దమ్మా?" అని అడిగింది. చెప్తే పొద్దు చాలదన్నాను. చెప్పు, రాస్తానంది. నాకు రెండో తరగతి చదువే. బస్సు బోర్డు కూడబలుక్కొని చదువుతాను, సంతకం పెడతాను, అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తున్నాను, ఆమె రాస్తోంది.

ఆ ఫ్రేములోని ముఖం జమ్మలమడుగు అవతల ఒక పల్లె నాయకునిది. పేరు వద్దు. ఆయనా లేడు, ఆయన పగవాడూ లేడు, వాళ్ళ పిల్లోళ్ళు ఉన్నారు. ఆ కాలంలో పల్లెకు రెండు పక్షాలు ఉండేవి, ఒక్కొక్క పక్షం ఒక్కొక్క పార్టీ జెండా పట్టుకొనేది. బస్సు ఎక్కితే ఏ సీట్లో ఎవరి పక్కన కూర్చుంటున్నామో చూసుకొని కూర్చొనే రోజులు. అటువంటి రోజుల్లో మేము ఇద్దరి ముఖాలూ బనీన్ల మీద అచ్చు వేసి అన్నం తిన్నాం. ఆ మాట గర్వంగానే చెప్తున్నాను. రూతూ, అట్లే రాయి.

మా ఆయన మొదట గోడల మీద పార్టీ గుర్తులు రాసేవాడు. చేయి మంచిది. బట్టల కొట్టు శెట్టి ఒకాయన పిలిచి, గోడలు వానకు పోతాయి దానియేలూ, బనీన్ల మీద వెయ్యి, తిరుప్పూరు నుంచి తెల్ల బనీన్లు నేను తెప్పిస్తా అన్నాడు. నేర్చుకొనేదానికి బెంగళూరులో ఒక షెడ్డులో మూడు నెలలు ఉండి వచ్చాడు. వచ్చేటప్పుడు తెచ్చింది రెండు గజాల జల్లెడ గుడ్డ, ఒక రబ్బరు పట్టె. మిగతా సామానంతా ఈడే తయారైంది. ఫ్రేములు వడ్రంగితో చేయించాం. బనీను తొడిగే పలక మా పెండ్లి మంచం తలవైపు చెక్క. ఆ చెక్కకు ఫ్రేమును కదలకుండా పట్టే కీళ్ళు పాత తలుపువి. పలక మీద బనీను తొడిగి, దాని మీదికి ఫ్రేము దించి, ఫ్రేములో ఇంకు పోసి, రబ్బరు పట్టెతో పై నుంచి కిందికి ఒక్క లాగు లాగితే ముఖం గుడ్డ మీదికి దిగేది. లాగేది ఆయన, తీసేది నేను. తడి బనీనును రెండు భుజాలు పట్టుకొని, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి. ఎక్కడ ముడత పడినా ముఖానికి ఇంకొక ముక్కు మొలుస్తుంది.

ఇంట్లో కిరసనాయిలు వాసన, బంక వాసన, పొయ్యి మీద జొన్న సంగటి వాసన, మూడూ కలిసి ఉండేవి. మా అత్త సుందరమ్మ ఆ మూడింటినీ విడదీసి చెప్పగలిగేది. ఆమెకు కళ్ళు సగం పోయినాయి గానీ ముక్కు మాత్రం ఊరందరికీ సరిపోయేది. అచ్చు అయిన ప్రతి బనీనునూ ఒళ్ళో పెట్టుకొని, ముఖం మీద ముఖం పెట్టి వాసన చూసేది. ఇంకు బాగా కాలకపోతే దానికి ఒక పచ్చి వాసన ఉంటుంది, తాలింపులో వేగని ఎర్రగడ్డ మాదిరి. "ఇది ఇంగా పచ్చిగా ఉండాది మే, పైకి తీసకపో" అనేది. ఆమె పొమ్మంటే అది మళ్ళీ ఎండకు పోవలసిందే. ఆ ముసలామె సరే అన్నాక వెనక్కి వచ్చిన బనీను ఒకటీ లేదు.

ఫ్రేము తయారు చేయడం ఇంకొక పని. గుడ్డకు పచ్చని మందు పూసి, దాని మీద బొమ్మ ఉన్న కాగితం పెట్టి, వెలుతురు చూపించాలి. వెలుతురు తగిలిన చోట మందు గట్టిపడుతుంది, బొమ్మ ఉన్న చోట నీళ్ళతో కడిగితే పోతుంది. బెంగళూరులో దీనికి ట్యూబులైట్ల పెట్టె ఉంటుందట. మాకు సూర్యుడే. ఎంతసేపు చూపించాలంటే, గడియారం చూసి చెప్పడం నాకు తెలియదు. పరలోక ప్రార్థన మెల్లగా రెండుసార్లు చెప్పుకుంటే ఎండాకాలానికి సరిపోయేది. చలికాలానికి నాలుగుసార్లు. మబ్బుంటే ఆరు. ఒకసారి తుమ్ము వచ్చి మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఫ్రేము మొత్తం గట్టిపడిపోయింది. "దేవునికి ఎక్కువ చెప్పినా కష్టమే" అని మా ఆయన నవ్వాడు.

నవ్వింది అక్కడే. ఇంకు కాడికి వస్తే నవ్వేవాడు కాదు. ఇంకులో రెండు రకాలు. నీళ్ళతో కలిపేది ఒకటి, చవక, మెత్తగా ఉంటుంది, గుడ్డలోకి ఇంకిపోతుంది, ఒట్టి గాలికి ఆరితే మాత్రం ఉతుకుకు నిలవదు. ఇంకొకటి రబ్బరు మాదిరి పైన నిలబడేది. రంగు మెరుస్తుంది గానీ ఒక డబ్బా కొనే దుడ్లకు మా ముగ్గురికీ నెల జొన్నలు వచ్చేవి. పైగా అది గాలికి ఆరదు, ఎండకూ ఆరదు, నిప్పు వేడి కావాలి. దానికని వెల్డింగు వానితో రేకు పెట్టె చేయించి లోపల కరెంటు కాయిళ్ళు బిగించాడు. స్విచ్చి వేస్తే కాయిళ్ళు ఎర్రగా అయ్యేవి, గోడ మీద మీటరులో చక్రం బొంగరమయ్యేది. ఆ చక్రానికి ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆయన పని వదిలేసి ఆ గీత ఎన్నిసార్లు వచ్చిపోతుందో చూస్తూ నిలబడేవాడు. అచ్చులో మిగిలింది ఇంకు తినేది, ఇంకు వదిలింది మీటరు తినేది. అది చాలదన్నట్టు బనీన్లు సగం కాలేసరికి కరెంటు పోయేది. సగం కాలిన బనీను పచ్చిదానికంటే హీనం. చూడటానికి బాగుంటుంది, మొదటి ఉతుకుకే పెచ్చులూడుతుంది.

తొందరలో అత్తకు వాసన చూపించకుండా పంపిన లాటు ఒకటి అట్లా పెచ్చులూడితే శెట్టి వెనక్కి పంపాడు. ఆ పొద్దు మా ఆయన సంగటి ముద్ద ముందర పెట్టుకొని, "ఈ ఎలక్షను దాకా చూస్తా మే. కుదరకపోతే ఫ్రేములు అమ్మేసి బెంగళూరు పోయి ఆ షెడ్డులోనే కూలికి చేరతా. నువ్వూ అమ్మా ఈడనే ఉండండి" అన్నాడు. అత్త తినడం ఆపింది.

నేను జమ్మలమడుగు దిక్కు రాళ్ళ గనుల కూలి కూతుర్ని. చర్చి మిషన్ వాళ్ళ కాలంలో మా తాతలు బాప్తిస్మం తీసుకున్నారు గానీ పని మాత్రం బండలు తీయడమే. నడక వచ్చినప్పటి నుంచి నల్ల బండల మీద తిరిగాను. ఏ బండ తొందరగా కాగుతుంది, ఏది వేడి పట్టుకొని కూర్చుంటుంది, అరికాలితో చెప్పగలను. ఎండాకాలంలో మా అమ్మ బండ మీద వడియాలు పెడితే మధ్యాహ్నానికి గలగలలాడేవి. నీళ్ళ ఇంకుకు కావలసింది ఆ బండే కదా అని నాకు తట్టింది. ఆయనకు చెప్తే, "బెంగళూరోళ్ళకు తెలీనిది నీకు తెలుసునా" అన్నాడు. "బెంగళూరులో ఇట్లాంటి ఎండ యాడుందప్పా" అన్నాను.

మా నాయన లారీ వాళ్ళను బతిమాలి, పాలిషు పెట్టని నల్ల బండలు పన్నెండు తెచ్చి మిద్దె మీద పరిచాడు. తానే ఎంచినవి, ఒక్కటీ పగులు లేదు. పొద్దు కొంచెం ఎక్కినాక అచ్చు మొదలుపెట్టి, తడి బనీన్లను బండల మీద పరిచేదాన్ని. పైన ఎండ, కింద బండ, మధ్యలో నాయకుడు. మధ్యాహ్నానికి ఇంకు గుడ్డలోకి దిగి గట్టిపడేది. తరవాత బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో, పైన పాత గుడ్డ వేసి, ముఖం మీద మెల్లగా అదిమేదాన్ని. బొగ్గులు వేపచెట్టువి, పొయ్యిలో మిగిలినవి. మీటరు చక్రం నిలబడిపోయింది. మా ఆయన దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. కదలని దాన్ని అంతసేపు ఎందుకు చూస్తావంటే, "కదల్లేదు కాబట్టే" అన్నాడు.

ఎలక్షను దగ్గర పడేసరికి రెండు పక్షాల వాళ్ళూ చిన్న చిన్న పనులతో వచ్చారు. ఒకరి పని జరుగుతున్నట్టు ఇంకొకరికి తెలియకూడదు. సోమవారం ఒకరివి ఎండేస్తే మంగళవారం ఇంకొకరివి. ప్రతి బనీనునూ ముఖం లోపలికి పోయేటట్టు మడిచి, జొన్నల గోతాల్లో కట్టి బస్సు మీద వేసేవాళ్ళం. ఒక్కోసారి ఇద్దరు పగవాళ్ళు ఒకే బస్సు మీద, పక్కపక్క గోతాల్లో, ముఖాలు దాచుకొని పోయేవారు.

ఆ ఫ్రేములో ముఖం ఉన్న నాయకుని తరఫున వచ్చిన మనిషి ఓబులేసు. జీపు దిగాడు, వెంట నలుగురు. ఎత్తరి, నల్లని మనిషి, మాటకు ముందు మీసం మీద చేయి వేసుకొనేవాడు. ముందు వాళ్ళు బయట ఎక్కడో వేయించిన బనీన్లు మొదటి ఉతుకులోనే పగిలి, వాళ్ళు అన్నా అని పిలిచే ఆ నాయకుని చెంప ఊడిపోయిందట. పగవాళ్ళు బజారులో నవ్వారట. అందుకని నమూనాకు వేసిన యాభై బనీన్లు తానే చూసి, బాగుంటే మొత్తం పని ఇచ్చిపోతానన్నాడు. మొత్తం అంటే చుట్టుపక్కల పల్లెలన్నీ. ఇది దక్కితే అంగడి నిలుస్తుంది, లేకపోతే బెంగళూరు బస్సే. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

"బాగానే ఉండాది. ఉతికితే నిలుస్తాదని గ్యారంటీ ఏంది?" అన్నాడు ఓబులేసు.

రూతూ, ఇక్కడ నేను చేసింది తెలివో తెలివితక్కువో ఇప్పటికీ తెలియదు. ప్రతి లాటులో ఒక బనీను తీసి, సవుడు మన్ను వేసిన వేడినీళ్ళలో ముంచి, ఇంటి ముందరి బండకేసి ఇరవై దెబ్బలు కొట్టి చూడటం నా అలవాటు. ఆయన గ్యారంటీ అనగానే, చేయి దానంతట అదే పోయింది. నాయకుని బనీను తీశాను, నీళ్ళలో ముంచాను, వీధిలో అందరూ చూస్తుండగా బండకేసి కొట్టాను. ముఖం బండకు తగిలి చప్పుడయింది. రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. ఎదురింటి నేతాయన మగ్గం ఆపాడు.

"ఏం చేస్తాండావు మే నువ్వు?" ఓబులేసు గొంతు మెల్లగా వచ్చింది. "మా అన్న ముఖాన్ని బండకేసి కొడతాండావా?"

అప్పుడు తెలిసింది నేను ఎత్తి కొడుతున్నది ఎవరినో. వెంట ఉన్న నలుగురూ జీపు పక్క నుంచి ముందుకు వచ్చారు. మా ఆయన, "అయ్యో, తెలీక..." అని అడ్డం రాబోయాడు. నేను ఆగి ఉంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఆగకపోతే అది ఉతుకే. అందుకని ఆగలేదు. ఇరవై దాకా మనసులో లెక్కపెట్టుకొని కొట్టాను, జాడించాను, పిండాను, దులిపి ఆయన ముఖానికి ఎదురుగా పట్టాను.

"చూడప్పా. మీసంలో ఒక్క ఎంట్రుక ఊడలే" అన్నాను.

ఓబులేసు చూశాడు. బొటనవేలితో మీసం మీద గీకాడు, తలపాగా మీద గీకాడు. ఏమీ రాలేదు. అప్పుడైనా అంతా సర్దుకొనేది, కానీ అరుగు మీద కూర్చున్న మా అత్త నోరు విప్పింది.

"భయపడద్దు నాయనా. మొన్న అవతలోళ్ళ అన్ననూ ఇట్నే బాదింది. దీనికి అందరూ ఒకటే."

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ గోతాల్లో దాచిన రహస్యం వీధిలో పడిపోయింది. ఓబులేసు ముసలామె వైపు చూశాడు, నా వైపు చూశాడు. మీసం మీద చేయి వేశాడు.

"వాన్ని ఎన్ని దెబ్బలు కొట్టినావు?"

"ఇరవై" అన్నాను.

"ఇంగో పది వెయ్యాల్సింది" అన్నాడు, అని నవ్వాడు. ఆయన నవ్వాక నలుగురూ నవ్వారు. జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "పనంతా మీదే దానియేలూ. ఈ యమ్మకు మాత్రం చెప్పు, ఇంగమీద తలుపేసుకొని కొట్టుకోమని" అన్నాడు.

ఆ ఎలక్షనులో జమ్మలమడుగు నుంచి సింహాద్రిపురం దాకా మా బనీన్లే తిరిగాయి. బండకేసి కొట్టినా పోని ఇంకు అని జనమే పేరు పెట్టారు, మేము బోర్డు కూడా రాయించలేదు. అవతలి పక్షం వాళ్ళకూ సంగతి తెలిసింది. వాళ్ళు వచ్చి, మా అన్నను మాత్రం తక్కువ కొట్టమన్నారు. ఫ్రేములు అమ్మలేదు. బెంగళూరు మాట మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కరెంటుతో, కొత్త మిషన్లతో వచ్చిన అంగళ్ళు మా కళ్ళ ముందే మూడు తెరిచారు, మూడూ మూసేశారు. మాది నిలిచింది. ఒక గని కూలి కూతురు, ఒక గోడలు రాసే ఆయన, సగం గుడ్డి ముసలామె, పన్నెండు బండలు. ఎవరు అడిగినా ఇదే చెప్తాను.

ఒక్కసారి మాత్రం ఆ ఇంకు నన్ను తల దించుకొనేలా చేసింది. కొన్నేళ్ళకు ఓబులేసును చంపేశారు. ఎవరు, ఎక్కడ అన్నది ఈ కథకు అక్కర లేదు. నెల దాటాక ఆయన భార్య ఒక బనీను చంకలో పెట్టుకొని జమ్మలమడుగు బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఉతికి ఉతికి గుడ్డ జల్లెడయింది, నాయకుని ముఖం మాత్రం నిన్న వేసినట్టు ఉంది.

"అక్కా, ఆయన గుడ్డల్లో ఇదొకటే మిగిలింది. చేనికి పోయేటప్పుడు చీర మీద తొడుక్కుందామని. ఈ ముఖం తీసెయ్యి. సచ్చినప్పుడు చూసేదానికి గూడ రాని మనిషి ముఖం రొమ్ము మీద పెట్టుకొని కలుపు తీయాల్నా నేను?"

కిరసనాయిలు పోసి రుద్దాను. బ్లీచింగులో నానబెట్టాను. ఇస్త్రీ పెట్టి కాగితానికి ఎక్కుతుందేమో చూశాను. మీసంలో ఒక్క ఎంట్రుక ఊడలేదు. ఆ పొద్దు వీధిలో గొప్పగా అన్న మాటే నా ముందు నిలబడింది. మా ఆయన చూసి చూసి, అటక మీద నుంచి రబ్బరు ఇంకు డబ్బా దించాడు. నెల జొన్నల ధర పలికే ఆ డబ్బాను చుక్క చుక్క లెక్కన వాడే మనిషి. బొమ్మ లేని ఖాళీ ఫ్రేము పెట్టి, ముఖం మీద నల్లగా ఒక లాగు లాగాడు. లోపలి మీసం ఇంకా తెలుస్తోందని ఇంకొక లాగు లాగాడు. అది ఎండకు ఆరే ఇంకు కాదు. ఎన్నో ఏళ్ళుగా ముట్టని కాయిళ్ళ పెట్టెకు స్విచ్చి వేశాడు. మీటరు గిర్రున తిరిగింది. ఆ పొద్దు ఆయన మీటరు వైపు చూడలేదు. అత్త వాసన చూసి, "కాలింది, ఈయి" అంది. ఓబులేసు భార్య ఇక్కడే మా ముందరే తొడుక్కొని, చీర కొంగు సర్దుకొని పోయింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో బనీన్ల మీద అచ్చు వేసే కుర్రోళ్ళు కంప్యూటరు నుంచి నేరుగా వేస్తున్నారు. రూతు పోయిన నెల ఒక అంగడికి తీసుకొని పోయింది. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, కిరసనాయిలు వాసనే లేదు. మిద్దె మీద నల్లని అద్దాల పలకలు పరిచారు, ఎండ నుంచే కరెంటు వస్తుందట, బిల్లు సగానికి తగ్గిందట. ఆ అంగడాయన గొప్పగా చెప్తుంటే, నేను మిద్దె మీద నల్లగా మెరిసే ఆ పలకల మీద అరచేయి పెట్టి చూశాను. కాలింది. మా నాయన బండల కంటే ఒక మెట్టు తక్కువే. కిందికి వచ్చాక ఒక బనీను ఎత్తి వాసన చూశాను. "ఏందవ్వా చూస్తాండావు?" అన్నాడు. "ఇంగా పచ్చిగా ఉండాది నాయనా, ఇంకొంచెం కాలనీ" అన్నాను. మిషను చెప్పింది కదా అయిపోయిందని అన్నాడు. సరేలే అని వచ్చేశాను. వారం తిరక్కుండా ఆ అంగడాయన రూతుకు ఫోను చేసి, బనీన్లు వెనక్కి వచ్చాయి, ఆ అవ్వకు ఎట్ల తెలిసిందని అడిగాడట.

నేను తెలిసి ఒక్క పచ్చి బనీను అమ్మలేదు. గ్యారంటీ అని అబద్ధం చెప్పలేదు, జీపులో వచ్చినోళ్ళకు కూడా. చెప్పింది ఒక్కటే అబద్ధం, అదీ మా ఆయనకు. అన్నీ ఆపినా అని చెప్పాను కదా. ఆపలేదు. ఆయనకు ఒళ్ళంతా చెమటలు పోస్తుంటే, తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. గోడ మీద మీటరూ తిరుగుతూనే ఉంది. ఆయన ఆ చప్పుడు వినలేదో, విని నా మాట నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియదు.

రాసినావా అది కూడా? సరే. ఇప్పుడు మొదటి నుంచి చదువు, మెల్లగా. నేను చెప్పినట్టే ఉందో లేదో వింటాను. ఫ్యాను కాడికి పోవద్దమ్మా, దాన్ని తిరగనీ. చదువు.